ఏ కళాశాలలో వైద్యము చదువవలెను?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



నీట్ పరీక్ష ఫలితములు తెలిసిన దినము మొదలు ఊరూర ఒకే ప్రశ్న వినవచ్చుచుండును. ‘పిల్లకు ఇంత ర్యాంకు వచ్చినది, ఏ కాలేజీ పెట్టమందురు?’ అడుగువారు రైతులు, బడిపంతుళ్లు, చిల్లర వర్తకులు. అందరికిని దొరకు సమాధానము ఇంచుమించు ఒక్కటే: ఉస్మానియా; అది రానిచో గాంధీ; అదియు రానిచో ఎంత సొమ్ము పోసియైనను హైదరాబాదులోనే మరియొకటి. ఈ సమాధానమును నమ్మి నాలుగెకరముల మాగాణి అమ్ముకొన్న కుటుంబములు కలవు. అదే ర్యాంకునకు ప్రభుత్వ కళాశాలలో స్థానము దొరికి యుండెడిదని తరువాత తెలిసి నొచ్చుకొన్నవారును కలరు. కావున ఈ ప్రశ్నను ఓపికతో విచారించుట అవసరము.

విచారణకు దారి చూపినవాడు చరకుడు. ఆయన సంహితలోని విమానస్థానమున ఎనిమిదవ అధ్యాయము వైద్యము నేర్వగోరువానిని గూర్చియే ప్రారంభమగును. బుద్ధిమంతుడు ముందుగా తాను తలపెట్టిన పని బరువును, దాని ఫలమును, దేశమును, కాలమును తూచుకొనవలెను. అటుపిమ్మట శాస్త్రమును పరీక్షింపవలెను. శాస్త్రము కుదిరిన తరువాత గురువును పరీక్షింపవలెను. గురువు శిష్యుని పరీక్షించుట లోకమున ఎరిగినదే. ప్రవేశ పరీక్షలన్నియు అట్టివే. శిష్యుడే గురువును పరీక్షించి ఎన్నుకొనవలెననుట విశేషము. ఆ గురువునకు ఆయన చెప్పిన లక్షణములలో చికిత్సను కన్నులార చూచియుండుట, హస్తలాఘవము, తగిన ఉపకరణములు కలిగియుండుట ఉన్నవి. భవనము ఎన్ని అంతస్తులో చూడుమని ఆయన చెప్పలేదు.

ఈ పరీక్ష ఎట్లు చేయవలెనో తెలిసికొనుటకు హైదరాబాదు పాతబస్తీని మించిన చోటు లేదు. చార్మినారు చెంత నిలిచి చూచినచో మక్కా మసీదునకు ఎదురుగా పెద్ద గుమ్మటములతో ఒక ఆసుపత్రి కనిపించును. అది నిజామియా ఆసుపత్రి. దానితోడిదే నిజామియా తిబ్బీ కళాశాల. అక్కడ నేర్పునది యునానీ వైద్యము. గ్రీకుదేశమున పుట్టి, అరబ్బుల చేతిలో పెరిగి, ఢిల్లీ మీదుగా దక్కనునకు వచ్చిన శాస్త్రమది. అక్కడినుండి ఉత్తరముగా నడచి మూసీ వంతెన దాటినచో అఫ్జల్‌గంజిలో ఉస్మానియా ఆసుపత్రి. మరికొంత దూరమున కోఠీలో ఉస్మానియా వైద్య కళాశాల. ఒక గంట నడకలో రెండు శాస్త్రములు, రెండు గురుకులములు. రెండింటికిని నేడు నీట్ పరీక్షయే ద్వారము. అయినను తిబ్బీ కళాశాలలో చేరువానికి ఉర్దూ చదువ వ్రాయ వచ్చియుండవలెను, ఆ శాస్త్రముపై నమ్మకము ఉండవలెను. ఎంబీబీఎస్ రాలేదు గనుక యునానీయో ఆయుర్వేదమో అని చేరినవాడు అయిదున్నర ఏండ్లు ఇష్టము లేని కాపురము చేసినట్లే. చరకుడు శాస్త్రమును ముందుగా పరీక్షింపుమన్నది ఇందులకే.

ఇక ఉస్మానియా సంగతి. దాని మూలము 1846లో స్థాపించిన హైదరాబాదు వైద్య పాఠశాల. నాలుగవ నిజాము నాసిరుద్దౌలా కాలమున, రెసిడెన్సీ వైద్యుడు మాక్లీన్ ఆధ్వర్యమున అది వెలసినది. బోధన ఉర్దూలో జరిగినది. పాశ్చాత్య వైద్యమును దేశభాషలో నేర్పవచ్చునని ఆనాడే నిరూపించిన పాఠశాల అది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఏర్పడిన తరువాత వైద్య గ్రంథములను ఉర్దూలోనికి అనువదించి పై తరగతులకును ఆ భాషలోనే బోధించిరి. 1948 తరువాత ఇంగ్లీషు వచ్చినది. తెలుగులో అట్టి ప్రయత్నము ఎందుకు సాగలేదో ఎవరైనను ఒక గ్రంథము వ్రాసినచో బాగుండును. అది వేరు విషయము.

ఆ రోజులలో తెలంగాణపు పిల్లవానికి ఎన్నిక అను మాటయే లేదు. వైద్యము చదువదలచినచో హైదరాబాదు, లేదా రాజ్యము దాటి పరదేశము. సర్కారు జిల్లాల వారికి మద్రాసు. 1923లో విశాఖపట్టణమున ఆంధ్ర వైద్య కళాశాల వచ్చిన పిమ్మట గాని వారికి ఇంటి గుమ్మమున చదువు దొరకలేదు. గుంటూరు కళాశాల 1946 నాటిది. హైదరాబాదులో గాంధీ కళాశాల 1954లోను, వరంగల్లులో కాకతీయ కళాశాల 1959లోను వచ్చినవి. తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన 2014లో ప్రభుత్వ వైద్య కళాశాలలు అయిదు: ఉస్మానియా, గాంధీ, కాకతీయ, ఆదిలాబాదు, నిజామాబాదు. 2024 నాటికి అవి ముప్పదినాలుగు. తాతకు లేని చిక్కు మనుమరాలికి వచ్చినది. దీనిని చిక్కు అనుటకంటె భాగ్యమనుట న్యాయము.

ఆ పాత పాఠశాల నుండి ఒక విద్యార్థిని కథ చెప్పవలెను. ఆమె పేరు రూపాబాయి ఫర్దూన్‌జీ, పారసీ వనిత. 1885లో ఎడ్వర్డు లారీ అను వైద్యుడు పాఠశాలను నడుపుచుండగా చేరిన కొద్దిమంది స్త్రీలలో ఆమె ఒకతె. 1889లో ‘హకీం’ పట్టము పుచ్చుకొన్నది. ఆ పట్టము పేరు విని ఆమెది యునానీ చదువనుకొనరాదు; పాశ్చాత్య వైద్యము చదివినవారికే ఆనాడు ఆ పేరు. ఆమె క్లోరోఫారమ్ ఇచ్చుట నేర్చుకొని, మత్తుమందు ఇచ్చుటనే వృత్తిగా చేపట్టినది. ప్రపంచమున ఆ పని చేసిన తొలి మహిళా వైద్యులలో ఒకతెగా నేడు ఆమెను పేర్కొనుచున్నారు. 1909లో ఎడింబరో వెళ్లినది. అక్కడ మత్తువైద్యమునకు ప్రత్యేకమైన చదువు లేనందున, దానికి పనికివచ్చు భౌతిక రసాయన శాస్త్రములు చదివి తిరిగి హైదరాబాదునకే వచ్చినది. లండనులోని పెద్ద పాఠశాలలలో చదివిన అనేకులకు దక్కని పేరు ఆమెకు దక్కుటకు కారణమేమి? లారీ వద్ద చేతితో చేయుటకు పని దొరికినది. రోగి ముక్కుకడ నిలిచి, ఊపిరి చూచుచు, బొట్టుబొట్టుగా మందు వేయు అనుభవము వందలసార్లు దొరికినది. చరకుడు కోరిన గురువు ఆమెకు అఫ్జల్‌గంజిలో కనిపించినాడు.

ఆ గురువును గూర్చి మరియొక మాటయు దాచరాదు. లారీ హైదరాబాదులో 1888లో ఒకసారి, 1889లో ఒకసారి క్లోరోఫారమ్ కమిషన్లు జరిపించెను. రెండవదానికి ఆరవ నిజాము మహబూబు అలీఖాన్ ప్రభుత్వము వేయి పౌండ్లు ఇచ్చినది. లండనులోని లాన్సెట్ పత్రిక లాడర్ బ్రంటన్ అను విద్వాంసుని పంపినది. వందలకొలది జంతువులపై పరీక్షలు చేసి, క్లోరోఫారమ్ వలన ముందు ఆగునది ఊపిరియే గాని గుండె కాదని తేల్చిరి. లోకమంతట హైదరాబాదు పేరు మారుమ్రోగినది. కాని 1911లో లెవీ అను శాస్త్రజ్ఞుడు, కొద్దిమోతాదు క్లోరోఫారమ్‌తోను గుండె లయ తప్పి హఠాత్తుగా మరణము కలుగవచ్చునని చూపినాడు. లారీ సిద్ధాంతము నిలువలేదు. ఊపిరిని కనిపెట్టి చూడుమని ఆయన శిష్యులకు నేర్పిన అలవాటు మాత్రము మంచిదే. కళాశాలకు కీర్తి యున్నంతమాత్రమున అక్కడ చెప్పినదెల్ల సత్యమని గాని, కీర్తి లేనంతమాత్రమున అక్కడ నేర్చుకొనునది లేదని గాని అనుకొనరాదు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి అఫ్జల్‌గంజి ఆసుపత్రిని కూల్చివేసినది. ఆ ఆవరణలోని చింతచెట్టు కొమ్మలెక్కి నూరుమందికి పైగా ప్రాణములు దక్కించుకొనిరి. ఆ తరువాతి ఉస్మానియా ఆసుపత్రి భవనము విన్సెంట్ ఈష్ రూపకల్పన. దానికిని ముసలితనము వచ్చినది. 2020 జూలైలో వానలకు వార్డులలో నీరు నిలిచి పాత కట్టడమును ఖాళీ చేసిరి. గోషామహలులో కొత్త ఆసుపత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగినది. గోడలు పాతబడినను ఉస్మానియాను విద్యార్థులు ముందు వరుసలో ఎందుకు వ్రాయుచున్నారన్న ప్రశ్నకు సమాధానము రోగుల వరుసలోనే ఉన్నది. పాతబస్తీ నుండియే కాదు, మహబూబునగరము, నల్లగొండ, ఇటు రాయచూరు, బీదరు నుండియు అక్కడికి వత్తురు. వేయికి పైబడిన పడకలు. ప్రసూతి నేర్చుకొనుటకు పాతబస్తీలో పేట్లబురుజు ఆసుపత్రి, సుల్తానుబజారు ఆసుపత్రి. పసిపిల్లల వ్యాధులకు నీలోఫరు. కండ్లకు సరోజినీదేవి ఆసుపత్రి, చెవి ముక్కు గొంతులకు కోఠీ ఆసుపత్రి, అంటురోగములకు నల్లకుంట, మానసిక వ్యాధులకును ఛాతీ జబ్బులకును ఎర్రగడ్డ. పుస్తకమున చదివిన వ్యాధి మరునాడు మంచముపై కనిపించును. సుశ్రుతుడు శిష్యులచేత గుమ్మడికాయలు, సొరకాయలు కోయించి చేతికి తరిఫీదు ఇప్పించెను. శాస్త్రము మాత్రమే ఎరిగినవాడును, పని మాత్రమే ఎరిగినవాడును ఒంటిరెక్క పక్షులని ఆయన భావము. కళాశాల ఒక రెక్కయైనచో ఆసుపత్రి రెండవది.

పల్లెనుండి వెళ్లు విద్యార్థికి అక్కడ మరియొక చదువు ఎదురగును. అది దక్కనీ భాష. యాకుత్పురా నుండి వచ్చిన ముసలమ్మ ‘చక్కర్ ఆరా’ అన్నచో కండ్లు తిరుగుచున్నవని, ‘దమ్ చడ్‌రా’ అన్నచో ఆయాసమని గ్రహింపవలెను. బురఖాలోని స్త్రీ బాధను చెప్పుకొనుటకు ముందు ఎదుటివారి మాటతీరు చూచును. తెలుగు పిల్లలు మొదటి ఏడు తడబడుదురు, మూడవ ఏడు వచ్చుసరికి బజారు బేరములు కూడ ఆ భాషలోనే చేయుదురు. పాతబస్తీ పిల్లలు నల్లగొండ రైతు మాట పట్టుకొనుటకు అంతే శ్రమపడుదురు. ఏ ప్రాంతమున చదివిన ఆ ప్రాంతపు రోగి భాష వచ్చును. ఊరిలో ప్రాక్టీసు పెట్టదలచిన విద్యార్థికి జిల్లా ఆసుపత్రి చదువు ఈ దృష్టితో తక్కువది కాదు.

పాతబస్తీలోనే మూడవ కళాశాల ఉన్నది. కంచన్‌బాగులోని దక్కన్ వైద్య కళాశాలను 1984లో దారుస్సలాం విద్యా ట్రస్టు స్థాపించినది. ఓవైసీ ఆసుపత్రియు, ప్రిన్సెస్ ఎస్రా ఆసుపత్రియు దానికి చేరినవి. అది ముస్లిం అల్పసంఖ్యాక విద్యాసంస్థ. అందలి కన్వీనరు వంతు స్థానములు ఆ వర్గపు అభ్యర్థులకు చెందును. మూసీ దాటి ఆడపిల్లను పంపుటకు వెనుకాడిన ఇండ్లనుండి అక్కడ వైద్యురాండ్రు వచ్చుటకు ఇంటికి చేరువగా కళాశాల ఉండుటయు ఒక కారణము. దగ్గరతనమును కొందరు పండితులు తేలికగా త్రోసివేయుదురు. ఇంటి కట్టుబాటు వలన చదువే ఆగిపోవు చోట దగ్గరతనము చిన్న గుణము కాదు. కాని తండ్రి భయము ఒక్కటే కారణమై, మంచి ప్రభుత్వ కళాశాలలో స్థానము వచ్చు బిడ్డను దూరమని ఆపి, అప్పు చేసి దగ్గరి ప్రైవేటు కళాశాలలో చేర్చుట మాత్రము అన్యాయము. ఆదిలాబాదులోను ఆడపిల్లలకు వసతిగృహము కలదు.

సొమ్ము లెక్క ఇప్పుడు చూడవలెను. ప్రభుత్వ కళాశాలలో ఏడాది బోధన రుసుము పదివేల రూపాయల చొప్పున నడచినది. ప్రైవేటు కళాశాలలో కన్వీనరు వంతు, అనగా ఏ కేటగిరీ, కొన్నేండ్లుగా అరువదివేలు. అదే కళాశాలలో, అదే బల్లపై ప్రక్కన కూర్చుండు బీ కేటగిరీ విద్యార్థికి పదకొండు లక్షలకు పైగా. నాలుగున్నర ఏండ్లకు ఏబది లక్షలు దాటును. వసతి, భోజనము, పుస్తకములు వేరు. సీ కేటగిరీ అనగా విదేశ భారతీయుల వంతు. ఆ లెక్క ఇక్కడ అనవసరము. ఏబది లక్షల అప్పునకు నూటికి పది వడ్డీ వేసినను సాలుకు అయిదు లక్షలు. క్రొత్తగా బయటపడిన ఎంబీబీఎస్ వైద్యుని తొలి సంపాదనలో అధికభాగము ఈ వడ్డీయే తినివేయును. అసలు అట్లే నిలుచును. పై చదువునకు మరల పరీక్ష, మరల ఖర్చు. ఇంత బరువు మోయగల ఇల్లయినచో సరే. లేనిచో దూరపు జిల్లాలోని ప్రభుత్వ స్థానము ముందు దీనిని ఎంచుట తప్పు లెక్క.

అయితే క్రొత్త జిల్లా కళాశాలలన్నియు సమానమని నమ్మించుటయు మోసమే. 2022లో ఎనిమిది, 2023లో తొమ్మిది, 2024లో ఎనిమిది కళాశాలలు వెంటవెంటనే వచ్చినవి. గురువులను అంత వేగముగా ఎవరును పుట్టింపజాలరు. 2025లో జాతీయ వైద్య కమిషన్ అధ్యాపకుల కొరతను గూర్చి తెలంగాణలోని పలు ప్రభుత్వ కళాశాలలను సంజాయిషీ అడిగినది. కావున పేరు విని కాదు, పోయి చూచి వ్రాయవలెను. బస్సు చార్జీ పెట్టుకొని వెళ్లి ఉదయము తొమ్మిది గంటలకు ఆ ఆసుపత్రి ఓపీ ముందు నిలువవలెను. జనమున్నారా? రాత్రి వచ్చిన కాన్పును అక్కడే చేయుచున్నారా, హైదరాబాదునకు పంపివేయుచున్నారా? హౌస్ సర్జను ఒకరిని పిలిచి, ‘నీ చేతులమీదుగా ఎన్ని కాన్పులు జరిగినవి? శరీరశాస్త్ర విభాగమున ఒక శవమునకు ఎందరు విద్యార్థులు?’ అని అడుగవలెను. ఇట్టి పిల్లలు నిజమే చెప్పుదురు. కళాశాల అచ్చువేసిన రంగుల పుస్తకము కన్న వారి మాట నమ్మదగినది.

ఇక ఆప్షన్లు వ్రాయుట. దీనియందే ఎక్కువమంది పొరబడుచున్నారు. రాష్ట్రపు స్థానములను వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయము కంప్యూటరు ద్వారా పంచును. అభ్యర్థి కళాశాలల పేర్లను తన ఇష్టము చొప్పున వరుసగా పెట్టవలెను. ‘నా ర్యాంకునకు ఉస్మానియా రాదు; దానిని ముందు పెట్టినచో క్రిందిది కూడ పోవునేమో’ అని భయపడి వచ్చుననుకొన్న కళాశాలనే మొదట వ్రాయువారు ఉన్నారు. ఆ భయము నిరాధారము. ఈ గ్రంథాలయమునందలి పద్ధతితోనే దీనిని చెప్పవచ్చును. చందాదారులు వరుసగా నిలుచున్నారు. ఒక్కొక్కరి చేతిలో తమకు కావలసిన పుస్తకముల చీటీ. గ్రంథపాలకుడు మొదటివాని చీటీ తీసి, అందులో మొదటి పుస్తకము బీరువాలో ఉన్నచో ఇచ్చును. లేనిచో రెండవది చూచును. అదియు లేనిచో మూడవది. తరువాతనే రెండవ చందాదారుని పిలుచును. పదవవాడు తన చీటీలో మొదట దొరకని పుస్తకము వ్రాసినంతమాత్రమున అతని వంతు పదునొకండవవానికి పోదు. చీటీలో రెండవ పుస్తకమునకు పోవుటకు క్షణము పట్టదు. వరుసను నిర్ణయించునది ర్యాంకు, రిజర్వేషను; చీటీలోని క్రమము కాదు. అందుచేత నిజమైన ఇష్టమే మొదటి పంక్తిలో ఉండవలెను, రాదనుకొన్నను సరే.

దీనికి రెండు జాగ్రత్తలు కలవు. వచ్చినను చేరని కళాశాలను చీటీలో అసలు వ్రాయరాదు. రెండవ విడతలో చేతనున్న స్థానము కన్న మేలైనవానినే వ్రాయవలెను. క్రొత్త స్థానము వచ్చిన వెంటనే పాతది మరియొకరికి పోవును, తిరిగి అడిగినను రాదు. ఈ సంగతి తెలియక రెండవ విడతలో కూడ పాత జాబితానే మొత్తముగా దించువారున్నారు. ప్రభుత్వ కళాశాలలలో నూటికి పదునైదు స్థానములు అఖిల భారత భాగమునకు పోవును. ఆ పంపకము ఢిల్లీ నుండి వేరుగా జరుగును, దానికి దరఖాస్తు వేరు. మంచి ర్యాంకు కలవారు రెంటను పేరు పెట్టుకొనవలెను.

ర్యాంకు ఎంత మంచిదైనను స్థానికత లేనిచో ఈ చీటీ యంతయు వృథా. తెలంగాణ 2024లో సవరించిన నిబంధనల చొప్పున రాష్ట్రపు స్థానములకు స్థానికుడు కావలెనన్నచో ఇంటరు పరీక్షతో ముగియు నాలుగేండ్లు వరుసగా రాష్ట్రమున చదివియుండవలెను. అనగా తొమ్మిదవ తరగతి మొదలు లెక్క. దీనిపై వ్యాజ్యములు నడిచి 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధనలను సమర్థించినది. కొన్ని తరగతుల ఉద్యోగుల బిడ్డలకు సడలింపులు ఉన్నవి. రైతు బిడ్డకు లేవు. మంచి కోచింగు అని పదవ తరగతి తరువాత విజయవాడకో రాజస్థానములోని కోటాకో పంపిన తండ్రి, తన బిడ్డ పుట్టినది ఈ మండలముననే అయినను, లెక్క తప్పినట్లే. వైద్య కళాశాలను ఎన్నుకొనుట ఇంటరు తరువాత కాదు, ఎనిమిదవ తరగతి సెలవులలోనే ప్రారంభమగుచున్నది. ఈ ఒక్క సంగతి గ్రంథాలయపు నోటీసు బోర్డున పెద్ద అక్షరములతో వ్రాయించుట మేలు.

ఫలితముల నాటికి చేత ఉండవలసిన కాగితములు: తొమ్మిది నుండి ఇంటరు వరకు చదివినట్లు బోనఫైడు పత్రములు, పదవ తరగతి మార్కుల పత్రము, కులము, ఆదాయము పత్రములు, బదిలీ పత్రము. విశ్వవిద్యాలయము ఏటేట ప్రకటించు నిరుటి చివరి ర్యాంకుల పట్టీని గ్రంథపాలకుడు అచ్చు తీయించి అట్టకట్టి ఉంచినచో ఊరివారందరికి ఉపయోగము. మూడేండ్ల పట్టీలు ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. ఒక్క ఏటి పట్టీ నమ్మరాదు. ఆప్షన్లను ముందు తెల్లకాగితముపై తల్లిదండ్రుల యెదుట బిడ్డయే స్వహస్తముతో వ్రాయవలెను, పిదపనే ఇంటర్నెట్ సెంటరునకు పోవలెను. అక్కడి కుర్రవాడు ‘నేను పెట్టెద’నని కూర్చున్నచో ఒప్పుకొనరాదు. పంపిన పిమ్మట ప్రతి ఒకటి అచ్చు తీయించి తెల్లకాగితముతో పంక్తికి పంక్తి సరిచూచుకొనవలెను. ఆధారు కార్డులోను పదవ తరగతి పత్రములోను పేరులో ఒక్క అక్షరము తేడా ఉన్నను ఈ వేసవిలోనే దిద్దించుకొనవలెను. ఆగస్టు మాసమున ఆ కార్యాలయముల ముందు నిలుచుటకు చోటుండదు.